కోయదొర హిమోగ్లోబిన్: ఆగాల్సిన చోట ఆగని కోడు

హిమోగ్లోబిన్‌లో కొత్త తేడా ఏదైనా కనిపిస్తే, అది దొరికిన ఊరి పేరో అక్కడి మనుషుల పేరో దానికి పెట్టడం శాస్త్రజ్ఞుల అలవాటు. వందల సంఖ్యలో ఉన్న ఆ పేర్లలో రెండు మన గోదావరివి: రంపా, కోయదొర. మా కె.గంగవరం వైపు రంపా అంటే 1879 పితూరీ, 1922-24లో అల్లూరి. రక్తం గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు ఈ హిమోగ్లోబిన్ కథ కాస్త. నాలుగు గొలుసుల ముడి అది. రెండు ఆల్ఫా (ఒక్కోటీ 141 అమైనో ఆమ్లాలు), రెండు బీటా (ఒక్కోటీ 146). ప్రతి గొలుసులో ఒక హీమ్, దాని మధ్యలో ఒక ఇనుము అణువు. ఆక్సిజన్ అంటుకునేది ఆ ఇనుముకే. తమాషా ఏమిటంటే నాలుగూ విడివిడిగా పనిచెయ్యవు. ఒకదానికి ఆక్సిజన్ తగలగానే ఇనుము కొద్దిగా జరుగుతుంది, అది తన గొలుసుని లాగుతుంది, ఆ కదలిక గొలుసుల మధ్య అతుకుల దాకా పోయి మొత్తం అమరికే మారిపోతుంది. దాంతో మిగతావాటికి ఆక్సిజన్ పట్టడం సులువవుతుంది. అందుకే ఊపిరితిత్తుల్లో దాదాపు పూర్తిగా నిండుతుంది, ఒంట్లో ఆక్సిజన్ తక్కువున్న చోట ధారాళంగా వదిలేస్తుంది. 1937లో దీని వెంట పడిన మాక్స్ పెరూట్జ్ 1960కి గానీ దీని ఆకారం చూపించలేకపోయాడు. ఒక్క ప్రాజెక్టు, ఇరవై ఏళ్ళ పైన! మన మేనేజర్లకి చెప్పి చూడండి :)

1971లో నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్న డి యాంగ్, బెర్నీని, మీరా ఖాన్ ప్రకటించిన రంపా హిమోగ్లోబిన్‌లో తేడా సరిగ్గా ఆ అతుకు దగ్గరే. ఆల్ఫాలో 95వ స్థానంలో ప్రోలీన్ ఉండాలి, సెరీన్ ఉంది. ఒక్కటే మార్పు. ఆ మరుసటి ఏడాది వేరే బృందం చూస్తే, ఈ రకం నాలుగు గొలుసుల ముడి మామూలు దానికంటే తేలిగ్గా రెండు జంటలుగా విడిపోతోంది.

నాకు అంతకంటే నచ్చింది రెండోది. 1975లో ఆ ముగ్గురే ఆంధ్రప్రదేశ్ కోయదొరల రక్తంలో ఒక పొడుగు ఆల్ఫా గొలుసుని వర్ణించారు. అదీ ఎక్కడో ఒకరిద్దరిలో కాదు, చాలామందిలో. 141 దగ్గర ఆగాల్సింది 172 దాకా పోయింది. సి భాషలో స్ట్రింగు చివర నల్ క్యారెక్టర్ చెరిగిపోతే ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? పక్క మెమరీలో ఉన్న చెత్తంతా చదువుకుంటూ పోతుంది, ఇంకో నల్ తగిలేదాకా. ఇక్కడా అంతే. 142వ స్థానంలో 'ఆగు' అనే మూడక్షరాల మాట చెడి సెరీన్‌గా మారింది. కణం ఇంకో 31 అమైనో ఆమ్లాలు అతికించాక గానీ తర్వాతి 'ఆగు' రాలేదు.

అప్పటికి జీనుని నేరుగా చదివే సులువైన పద్ధతి లేదు. శాంగర్ పద్ధతి వచ్చింది 1977లో. అయినా ఆ 'ఆగు' ఏ మాటో లెక్కగట్టే దారి దొరికింది. జమైకాలోని కాన్‌స్టంట్ స్ప్రింగ్ పేరున్న హిమోగ్లోబిన్‌కీ ఇలాంటి తోకే ఉంది, కానీ దాని 142లో గ్లూటమీన్. ఒక్క అక్షరం మారితే గ్లూటమీన్, ఇంకో అక్షరం మారితే సెరీన్ రావాలంటే అసలు మాట యూఏఏ గానీ యూఏజీ గానీ అయ్యుండాలి. మూడో 'ఆగు' మాట యూజీఏ నుంచి ఒక్క మార్పుతో గ్లూటమీన్ రాదు. తర్వాత జీనుని చదివితే అది యూఏఏ అని తేలింది. సోర్స్ కోడ్ చేతిలో లేకుండా రెండు తప్పు అవుట్‌పుట్‌లు పక్కపక్కన పెట్టి బగ్ పట్టుకోవడం అంటే ఇదీ. మామూలుగా ప్రోటీన్‌గా మారని భాగంలో ఏం రాసుందో కూడా ఆ తోకలే బయటపెట్టాయి.

ఇదంతా సైన్సుకి ఒరిగింది. రక్తమిచ్చిన వాళ్ళకి?

ఆ జీను నుంచి వచ్చే ఆల్ఫా గొలుసులు బాగా తక్కువ. చదవకూడని చోట దాకా చదవడం వల్ల సందేశమే నిలవదు. అంటే ఇది ఒకరకం ఆల్ఫా తలసీమియా. మనిషికి ఆల్ఫా జీన్లు నాలుగు కాబట్టి ఒకటి పోయినా మిగతా మూడూ నెట్టుకొస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపాలొచ్చి రెండు మూడు పోతేనే రక్తహీనత బయటపడుతుంది. మన దగ్గర రక్తం తక్కువంటే ముందు చేతిలో పడేది ఐరన్ మాత్ర. ఇనుము లోపం కూడా ఉంటే సరే, లేకపోతే ఆ మాత్ర ఈ తప్పుని దిద్దలేదు.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాలే దాని గురి. చాలా మంచి పని. కాకపోతే సికిల్ సెల్ తేడా ఉండేది బీటా గొలుసు 6వ స్థానంలో. కోయదొర తేడా ఆల్ఫా చివర, రక్తంలో ఉండేదీ కొద్దిపాటే. ఒకదాని కోసం చేసే పరీక్షలో రెండోది ఇట్టే తప్పించుకుపోగలదు. ఖాయం చేసుకోవాలంటే డీఎన్ఏ చూడాల్సిందే.