నాన్న సైకిలుకి ఒక కప్పు కావాలి

నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన సైకిలు మాత్రం నందిగామ దగ్గర మా పుట్టింట్లో, గడ్డివాము పక్కన రేకుల కింద ఇంకా నిలబడే ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అన్నయ్య, "పాత ఇనప సామానువాడు వస్తే ఇచ్చేద్దామే, అడ్డంగా ఉంటోంది" అన్నాడు. "వద్దు, నేను బాగు చేయిస్తా" అనేశాను. అమ్మ ఏమీ అనలేదు. చేతిలో చాట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

జగ్గయ్యపేటలో మా ఇంటికి తిరిగొచ్చిన వారంలోనే టీవీలో సైకిలు చరిత్ర మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. ఈ మధ్య ఇవన్నీ ఒకే మూసలో తీస్తున్నారు, మీరూ గమనించే ఉంటారు. మొదట రాబోయేదంతా ఊరించి చెప్తారు. ప్రతి ప్రకటనకి ముందూ తర్వాతా అదే మళ్ళీ చెప్తారు. వెనకాల యుద్ధం ముంచుకొస్తున్నట్టు సంగీతం. గంటసేపు చూస్తే పావుగంట విషయం ఉండదు. ఆ పావుగంటైనా నిజమైతే బాగుండేది. 500 ఏళ్ళ కిందటే లియొనార్డో డావిన్సీ సైకిలు బొమ్మ గీశాడని గంభీరమైన గొంతుతో చెప్పారు. మావారు "చూశావా!" అన్నారు.

నేను బీఏ తెలుగు చదివినదాన్ని, ఇంజనీరుని కాను. కానీ నాన్న సైకిలు పుణ్యమా అని ఆ వారమంతా దాని గురించే చదువుతున్నాను. లియొనార్డో కాగితాల్లో ఆ బొమ్మ సంగతి లోకానికి తెలిసింది 1974లో. అది ఆయన గీసింది కాదు, ఎవరో తర్వాత చేర్చిందని చాలామంది చరిత్రకారులు తేల్చారు. 1791లో సివ్రాక్ అనే ఫ్రెంచి ప్రభువు సైకిలు కనిపెట్టాడనేది ఇంకో కథ. అలాంటి మనిషే లేడు. వందేళ్ళ తర్వాత 1891లో ఒక ఫ్రెంచి రచయిత కల్పించిన పేరది. నిజంగా జరిగింది వేరు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల చెక్క బండి మీద కూర్చుని, నేలని కాళ్ళతో తన్నుకుంటూ వెళ్ళాడు. పెడళ్ళు రావడానికి 1860ల దాకా ఆగాలి. చైనుతో వెనక చక్రం తిరిగే రోవర్ సైకిలుని ఇంగ్లండులో స్టార్లీ 1885లో తెచ్చాడు. 1888లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. ఒక్కరు ఒక్క రాత్రిలో కనిపెట్టింది కాదు, ఒక్కో భాగం ఒక్కో చోట పుట్టి కలిసింది. ఇదే ఎక్కువ ఆసక్తిగా లేదూ?

ఇక నా అవస్థ చెప్తాను. నాన్న పల్లెటూరి బడిలో మేష్టారు. ఆ సైకిలు ఆయన సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ర్యాలీ. ముందు రేకు మీద కొంగ తల, కింద నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని ఉంటుంది. తొక్కితే పెడళ్ళ దగ్గర కటకటమంటోంది. అన్నయ్య దాన్ని నందిగామలో మెకానిక్ దగ్గరికి ఆటోలో వేయించాడు, నేనూ వెళ్ళాను. ఆయన విప్పి చూసి, "బీబీ కప్పు అరిగి గుంటలు పడిందమ్మా, మార్చాలి" అన్నాడు. కొత్త కప్పు పెట్టి తిప్పితే అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. "బలవంతంగా బిగించొద్దు బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి, "నేనే ఆ మాట చెప్దామనుకుంటున్నా" అన్నాడు.

సంగతేమిటంటే, మామూలు సైకిళ్ళ కప్పుకి అంగుళానికి 24 మరలుంటాయి. ర్యాలీ వాళ్ళు మాత్రం సొంతంగా 26 మరలు పెట్టుకున్నారు. చూడ్డానికి రెండూ ఒకటే. బలంగా బిగిస్తే ఫ్రేములో మర చితికిపోయి సైకిలే పోతుంది. ఇప్పుడు కొట్లో దొరికేవి 24 మరలవి.

ఎందుకు దొరకదో అర్థం కావాలంటే మన దేశం కథ కొంచెం చెప్పుకోవాలి. స్వాతంత్ర్యానికి ముందు మన ఊళ్ళలో తిరిగిన మంచి సైకిళ్ళలో చాలావరకు ఇంగ్లండువి, ర్యాలీ, హంబర్, బీఎస్‌ఏ, హెర్క్యులస్ లాంటివి. 1949లో మద్రాసులో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ మొదలై హెర్క్యులస్ ఇక్కడే తయారైంది. బెంగాల్లో ఆసన్‌సోల్ దగ్గర సెన్-ర్యాలీ వచ్చింది. 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. ఆ తర్వాత సైకిలు సామాను అంటే లుధియానాయే అయింది. సెన్-ర్యాలీని 1980లో ప్రభుత్వం తీసుకుంది, కొన్నాళ్ళకి అదీ మూతపడింది. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం! ఇంత జరిగాక నాటింగ్‌హామ్ మర నందిగామలో ఎక్కడ దొరుకుతుంది?

మెకానిక్ ఇంకో మాట కూడా అన్నాడు. "ఎడమ క్రాంకు వంగింది చూడమ్మా. అరిగి కాదు, ఎప్పుడో ఎడమ పక్కకి గట్టిగా పడిందిది. సారు పడ్డారా?" నాన్న పడ్డట్టు నాకు తెలియదు. అన్నయ్యకీ తెలియదు.

ఆ డాక్యుమెంటరీలో ఇంకో ముక్క ఉంది. సైకిలు ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఇచ్చిందని, టోపీలు పెట్టుకున్న దొరసానుల పాత ఫొటోలు చూపించారు. అబద్ధం కాదు. మన పక్క తమిళనాడులో పుదుక్కోట్టైలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. అది చూపించలేదు సరే. మా ఇంట్లో స్వేచ్ఛ నాన్నది. అమ్మది తుడవడం. పొద్దున్నే కొబ్బరి నూనె గుడ్డతో రిమ్ములు తుడిచేది, చైనుకి నూనె వేసేది, వానొస్తే ముందు బట్టలు కాదు, సైకిలు లోపల పెట్టేది. వెనక క్యారియర్ మీద కూర్చోవడమే తప్ప ఆవిడ తొక్కడం మేమెప్పుడూ చూడలేదు. నేను మాత్రం ఎనిమిదో తరగతిలో, బార్ కింద నుంచి కాలు దూర్చి, ఆ సైకిలు మీదే నేర్చుకున్నాను. నాన్న కాదనలేదు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది మాత్రం అమ్మ.

కప్పు కోసం విజయవాడ కొట్లకి ఫోన్లు చేయించాను, లేదన్నారు. చివరికి మా జగ్గయ్యపేటలోనే ఒక పాత కొట్లో దొరికింది. అక్కడి పెద్దాయన బిస్కెట్ల డబ్బా బోర్లించి, తుప్పు కప్పుల్లోంచి ఒకటి ఏరి, గోటితో మర మీద గీసి చూసి, "ఇది మీదే" అన్నాడు. ఏ పుస్తకమూ చూడలేదు. సైకిలు మళ్ళీ ఆటో ఎక్కి నందిగామ నుంచి జగ్గయ్యపేట వచ్చింది.

ఆయన బిగిస్తుండగా మా అబ్బాయి ఫోన్‌లో మన ఊరి స్తూపం వీడియో చూపించాడు. ధనంబోడు గుట్ట మీద డ్రోన్, అదే సంగీతం, నిధులు, రహస్యాలు. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి పరిశీలించిన స్తూపమది. దాని మంచి శిల్పాలు ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. వీడియోలో ఆ ముక్క లేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే దాదాపు 1,700 ఏళ్ళ కిందట, తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపింది రాజు కాదు. సిద్ధార్థుడనే పనివాడు. శాసనంలో తన పేరుతో పాటు తల్లి నాగిలని, భార్య సముదని పేర్లు కూడా చెక్కించాడు. చేతిపని చేసుకునే మనిషి తన ఇంటి ఆడవాళ్ళని మర్చిపోలేదు. అంత డ్రోన్‌కి ఆ రెండు పేర్లు కనపడలేదు.

"క్రాంకు కూడా మార్చనా అమ్మా?" అని పెద్దాయన అడిగాడు. ఇంట్లో అడిగి చెప్తానని అమ్మకి ఫోన్ చేశాను. ఎడమ క్రాంకు వంగిందటమ్మా, నాన్న ఎప్పుడు పడ్డారు, అని అడిగాను.

కాసేపు పలకలేదు. తర్వాత, "మీ నాన్న కాదే. నేనే పడ్డా" అంది.

77 ఎలక్షన్లకి నాన్న డ్యూటీ మీద వెళ్ళారట. సైకిలు ఇంట్లో ఉంది. అన్నయ్యని నాయనమ్మ దగ్గర పడుకోబెట్టి, తెల్లవారకుండా చెరువుకట్ట మీదికి తోసుకుపోయి ఎక్కిందట. ఎంత దూరం వెళ్ళావంటే "కట్ట మలుపు దాకా" అంది. మోచెయ్యి చీరుకుపోతే బావి దగ్గర జారానని చెప్పిందట. నాన్నకి తెలుసా అని అడిగాను. "వంకర ఆయనకి కనపడకుండా ఉంటుందా? ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు."

మరి మార్చొద్దని చెప్పనా అన్నాను. "ఎందుకు? మార్చెయ్యి. తొక్కేవాళ్ళకి మోకాలు నొప్పెడుతుంది" అంది.

మార్పించాను. పాత క్రాంకు మాత్రం గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుని, కాగితం మీద అమ్మ పేరు, 1977, చెరువుకట్ట అని రాసి దానికి కట్టాను. మీ ఇంట్లో కూడా పాత సైకిలు ఉంటే, ఇనప సామానువాడికి ఇచ్చే ముందు అమ్మనో అత్తయ్యనో ఒక్క మాట అడగండి.