పిల్లల నీళ్లాటకు గాలం బొమ్మ: కొనేముందు ఏం చూడాలి?

పెనుమూడి పిల్లలకు చేపలు పట్టడం బొమ్మల పుస్తకంలో చూసే సంగతి కాదు. కృష్ణ ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, గాలం వేసుకుని ఓపిగ్గా కూర్చునే పెద్దవాళ్లు రోజూ కళ్లెదుటే ఉంటారు. అందుకే ఇక్కడి పిల్లలు సరిగ్గా మాటలు రాకముందే కర్రకు దారం కట్టి బకెట్లో వేసి, "అమ్మీ, చేప పడింది!" అని అరుస్తారు. ఈద్ రోజున ఈదీ డబ్బులు చేతికి రాగానే రేపల్లె, తెనాలి బజార్లలో గాలం బొమ్మ కొనిపెట్టమని పేచీ పెడతారు.

ఆట మంచిదే. ఊగుతున్న చేప దగ్గరికి గాలాన్ని తీసుకెళ్లి పట్టుకోవాలంటే కన్నూ చెయ్యీ కలిసి పనిచేయాలి, ఓపిక ఉండాలి. రంగులు, లెక్కలు కూడా దీంతోనే నేర్పొచ్చు. అయితే ఈ బొమ్మలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి చేప ముక్కులో ఉండే అయస్కాంతం, రెండోది చేప తేలే నీళ్లు. పెద్దవాళ్లు సాధారణంగా చూసేది మాత్రం రంగు, ధర.

బజార్లో దొరికే రకాలు

గాలం చివర ఒక అయస్కాంతం, ప్రతి చేప ముక్కులో ఒకటి ఉండే రకం ఎక్కువగా కనిపిస్తుంది. కొన్నిట్లో అయస్కాంతం ఉండదు. చేప వీపున రింగు, గాలానికి మొద్దు ప్లాస్టిక్ కొక్కెం ఉంటాయి. ఇంకో రకంలో గాలం బదులు పిడి ఉన్న చిన్న వల ఇస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకు ఈ వల రకమే సరిపోతుంది, ఎందుకంటే ఆ వయసులో వాళ్లు పట్టడం కన్నా తోడడం బాగా చేస్తారు. నిజానికి వాళ్లకు బజారు బొమ్మ అక్కర్లేదు. వంటింటి చిల్లుల గరిటె, బేసిన్‌లో తేలే నాలుగు పెద్ద డబ్బా మూతలు చాలు. నీళ్ల సీసాల మూతలు మాత్రం వాడకూడదు, అవి గొంతుకు అడ్డం పడే సైజు.

ఇక గుండ్రంగా తిరుగుతూ చేపలు నోరు తెరిచి మూసే బ్యాటరీ బొమ్మ ఉంది. చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది దీంతోనే. పేరు చేపల చెరువు, రంగు నీలం, కాబట్టి నీళ్లలో పెట్టేదే అనుకుని టబ్బులో దించేస్తారు. అది నేల మీద పొడిగా ఆడుకునే బొమ్మ. నీళ్లు తగిలితే మోటారు పాడవుతుంది, బ్యాటరీలు తుప్పు పట్టి కారతాయి. నీళ్లలో పెట్టొచ్చని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప బ్యాటరీ ఉన్న ఏ బొమ్మనూ నీళ్లాటకు ఇవ్వకూడదు. లైట్లు వెలిగే చేపల్లో బిళ్ల బ్యాటరీలు ఉంటాయి. వాటి మూతకు స్క్రూ ఉందో లేదో చూడాలి. బిళ్ల బ్యాటరీ మింగితే, అది గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు.

అయస్కాంతం సంగతి

ఒక చిన్న అయస్కాంతం మింగితే చాలాసార్లు దానంతట అదే బయటికి పోతుంది. రెండు మింగినా, ఒక అయస్కాంతంతో పాటు ఇనుప ముక్క ఏదైనా మింగినా కథ వేరు. పేగులో ఒక మడతలో ఒకటి, పక్క మడతలో ఇంకొకటి ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగు గోడకు రక్తం అందక చిల్లు పడుతుంది. మొదట్లో మామూలు కడుపునొప్పి, వాంతుల్లాగే ఉండటంతో "ఏదో పడలేదు" అనుకుని రెండు రోజులు గడిపేస్తారు. గాలం బొమ్మలో అయస్కాంతాలు ఎప్పుడూ ఒకటికి మించి ఉంటాయి, భయపడాల్సింది అందుకే.

కాబట్టి కొట్లోనే పెట్టె విప్పించి చూడటం మేలు. అయస్కాంతం ప్లాస్టిక్ లోపల పూర్తిగా మూసేసి ఉండాలి. బయటికి కనిపిస్తూ జిగురుతో అంటించినది అయితే వద్దు, ఆ జిగురు నీళ్లలో నానితే వదిలేస్తుంది. గోటితో గట్టిగా లాగి చూడాలి. చేప రెండు సగాలు కలిసిన అతుకు దగ్గర సందు ఉందా, ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందా అని కూడా గమనించాలి. ఇంటికి తెచ్చాక ప్రతి ఆట తర్వాత చేపల్ని లెక్కపెట్టుకోవాలి. ఒక చేప పగిలినా, ముక్కు ఖాళీగా కనిపించినా ఆ అయస్కాంతం దొరికేదాకా వెతకాల్సిందే.

పిల్లవాడు మింగాడని అనుమానం వస్తే అరటిపండు తినిపించి ఎదురుచూడటం, వేలు పెట్టి వాంతి చేయించడం చేయొద్దు. ఏమీ పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి. మింగింది అయస్కాంతం అని డాక్టరుకు ముందే చెప్పాలి, అలాంటిదే ఇంకో చేప ఉంటే వెంట తీసుకెళ్లాలి. ఎక్స్‌రేలో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

సైజు, దారం, ముద్ర

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలు ఉన్నాయో లేదో తేల్చడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేది ఏదైనా ఆ వయసు వాళ్లకు పనికిరాదు. ఇంట్లో కొలతకు లావుపాటి పాత టార్చి బ్యాటరీ గుర్తుంచుకుంటే చాలు. దాని మందం ఇంచుమించు అంతే. చేప గానీ, గాలం చివరి ముక్క గానీ అంతకన్నా చిన్నగా ఉంటే మూడేళ్లు నిండేదాకా పక్కన పెట్టాలి. పెట్టె మీద ఎర్ర గుండ్రంలో పసిపిల్ల ముఖం, దాని మీద అడ్డగీత ఉంటే అర్థం అదే. "మా వాడు తెలివైనవాడు, నోట్లో పెట్టుకోడు" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

దారం జానెడు మించకపోవడం మంచిది. పొడవైతే మెడకు చుట్టుకుంటుంది. పుల్ల చివర మొద్దుగా ఉండాలి. ఇద్దరు పిల్లలు కలిసి ఆడితే పుల్ల మొదట తగిలేది పక్కవాడి కంటికే.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. దిగుమతి బొమ్మలకూ అంతే. మామూలు బొమ్మ మీద ఐఎస్ 9873, కరెంటు లేదా బ్యాటరీ బొమ్మ మీద ఐఎస్ 15644 అని, ముద్ర కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తెలిసిపోతుంది. సంతలో, తోపుడు బండి మీద సంచిలో వేసి అమ్మేవాటికి ఈ ముద్ర తరచూ కనిపించదు. అలాంటప్పుడు అయస్కాంతం ఉన్నది వదిలేసి వల రకం తీసుకోవడమే నయం.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. చూడముచ్చటైనవే అయినా అవి కొయ్యబొమ్మలు, నీళ్లాటకు కాదు. నానితే చెక్క ఉబ్బుతుంది, రంగు చెడుతుంది.

జీవుల రూపంలో ఉన్న బొమ్మలు ఇంట్లో ఉంచొచ్చా అని కొన్ని కుటుంబాలకు సందేహం ఉంటుంది. హజ్రత్ ఆయిషా (రజి.) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని సహీహ్ బుఖారీలో ఉంది. దాని ఆధారంగా చాలామంది ఉలమాలు పిల్లల ఆటబొమ్మలకు అనుమతి ఇచ్చారు. ఇంకా సందేహం ఉంటే మసీదు ఇమామ్ గారిని అడగొచ్చు, లేదా చేపల బదులు రంగు రింగులు, పడవలు ఉన్న సెట్టు కొనొచ్చు.

అసలు జాగ్రత్త నీళ్ల దగ్గర

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. అందులో దాదాపు పావు వంతు అయిదేళ్ల లోపు పిల్లలే. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు. బకెట్లోకి వంగి తలకిందులుగా పడితే పైకి లేవలేరు. నిండు బకెట్ పక్కకి ఒరగదు కూడా. పైగా అరుపు ఉండదు, చప్పుడు ఉండదు. పక్క గదిలో ఉన్న తల్లికి తెలియదు.

అందుకని గాలం ఆటకు బకెట్, డ్రమ్ము, సంపు ఏవీ వాడకూడదు. వెడల్పాటి బేసిన్‌లో రెండు మూడు వేళ్ల ఎత్తు నీళ్లు చాలు. అంత తక్కువ నీళ్లలోనూ ముఖం మునిగితే ప్రమాదమే కాబట్టి పెద్దవాళ్లు చెయ్యి చాస్తే అందేంత దగ్గర కూర్చోవాలి. ఆరేళ్ల అక్కను చూస్తూ ఉండమని చెప్పి లోపలికి వెళ్లడం కాపలా కాదు. ఫోన్ మోగితే, నమాజుకు వేళయితే పిల్లను చంకనేసుకుని లేవాలి, లేదా ఇంకో పెద్ద మనిషికి చెప్పి లేవాలి.

ఈ ఆటతో ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్లలో చేప ఉంటుందని, వంగి అందుకోవాలని పిల్లకు నేర్పేది ఇదే. నిన్న బేసిన్‌లో వంగిన పిల్ల ఇవాళ వజూకి నింపిపెట్టిన బకెట్లోకీ, పెరట్లో కుడితి తొట్టిలోకీ వంగుతుంది. బొమ్మ కొన్న రోజే ఇంట్లో నిండు పాత్రలన్నిటికీ మూతలు పడాలి. సంపు మూత బరువుగా ఉండి, తాళం ఉంటే ఇంకా మంచిది.

ఆ బొమ్మను రేవుకు తీసుకెళ్లడం అసలు వద్దు. పెనుమూడి దగ్గర నదికి, సముద్రానికి దూరం తక్కువ. పైన నిండుగా, నిలకడగా కనిపించినా కింద లాగుడు ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. అలాంటి వరదలకు ఇసుక కదిలి, ఒకప్పుడు మోకాలి లోతు ఉన్నచోట ఇప్పుడు నిలువు లోతు ఉండొచ్చు. గాలం చేతిలోంచి జారి కొట్టుకుపోతే పిల్ల దాని వెనకే అడుగేస్తుంది.

ఆట అయ్యాక

నీళ్లు చిమ్మే చిల్లు ఉన్న మెత్తటి రబ్బరు చేపలు కొనకపోవడమే మంచిది. లోపల నిలిచిన నీళ్లలో నల్లటి బూజు కడుతుంది, పిల్లలు మళ్లీ అదే నోట్లో పెట్టుకుంటారు. ఇంట్లో ఇప్పటికే ఉంటే చిల్లును మూయించాలి, లేదా పారేయాలి. మిగతా చేపల్ని తుడిచి ఎండలో ఆరబెట్టాలి. పెరట్లో వదిలేసిన బొమ్మలో గుక్కెడు నీళ్లు ఉన్నా డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి సరిపోతుంది.

పారే నది ఒడ్డున వజూ చేస్తున్నా నీళ్లు వృథా చేయొద్దనే హదీసు చాలా ఇళ్లలో పిల్లలకు చెప్పేదే. బేసిన్‌లో సబ్బు కలపకపోతే ఆ నీళ్లు మల్లెచెట్టు మొదట్లో పోయొచ్చు, ఆ పని పిల్లలే సరదాగా చేస్తారు. తర్వాత బేసిన్ బోర్లించి, గాలాన్ని, అయస్కాంతం చేపల్ని పిల్లలకు అందని అరలో పెట్టాలి.