165 అడుగుల ఎత్తున వెన్నెల

పొద్దు గూకింది. ఫుట్‌పాత్ లోంచి పగటి వేడి ఇంకా పైకి తగులుతూనే ఉంది. టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో, హైడ్ పార్క్ అనే పాత పేటలో, స్పీడ్‌వే రోడ్డూ 41వ వీధీ కలిసే మూల మీద నిలబడి ఉన్నారు మీరు. చుట్టూ చెక్క ఇళ్లు, వాటి మీదికి ఒరిగిన చెట్లు. తల పైకెత్తండి. ఇంకా ఎత్తాలి. కరెంటు తీగలు దాటి, చిటారు కొమ్మలు కూడా దాటి, సన్నటి ఇనుప టవర్ ఒకటి అలా పైకి పోతూనే ఉంటుంది. పదిహేనంతస్తుల మేడంత ఎత్తు.

కింద ఒంటి స్తంభం, దాని మీద మూడు పలకలుగా అల్లిన ఇనుము. ఇంత బక్కటి కట్టడం గాలివానలకు ఎలా ఆగిందా అనుకుంటారు. చూపు పక్కకి తిప్పితే, చుట్టూ బిగించి కట్టిన ఉక్కు తీగలు కనిపిస్తాయి. కొసన ఆరు దీపాలు. వెలుగు కళ్లలో గుచ్చుకోదు. ఇంటి కప్పుల మీద, ఆకుల మీద, మీ భుజాల మీద పల్చగా పరుచుకుంటుంది.

ఇప్పుడు 1895 మే నెలలోకి రండి. ఊళ్లో ఇలాంటివి 31 టవర్లు. కొలరాడో నది మీద కొత్తగా కట్టిన ఆనకట్ట దగ్గర పుట్టిన కరెంటుతో వెలుగుతున్నాయి. పైన ఉన్నవి బల్బులు కావు, ఆర్క్ దీపాలు. రెండు బొగ్గు కడ్డీల మధ్య సందులో కరెంటు దూకుతుంటే పుట్టే తెల్లటి మంట అది. కడ్డీలు కాలి అరిగిపోతాయి, మళ్లీ కొత్తవి పెట్టాలి. అందుకే ఒక మనిషి టవర్ మధ్యలో ఉన్న చిన్న బోనెక్కి, తాడు లాక్కుంటూ పైకి వెళ్తున్నాడు. ఆ పని తలుచుకుంటేనే నాకు అరికాళ్లు జివ్వుమంటాయి.

1,500 అడుగుల అవతల నిలబడ్డవాడికి కూడా జేబు గడియారంలో టైము కనపడాలి, అదీ లెక్క. ఒక దుకాణం ముందో ఒక గుమ్మం ముందో ఆగిపోయే దీపం కాదిది, పేట మొత్తానికీ ఉమ్మడి దీపం. ఈ టవర్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఆలోచనే.

1900 ఏప్రిల్‌లో వరదకి ఆనకట్ట కొట్టుకుపోయింది. టవర్లు నిలిచాయి. తర్వాత ఆర్క్ పోయి మామూలు బల్బులొచ్చాయి, 1936లో పాదరసపు ఆవిరి దీపాలొచ్చాయి. ఇలాంటి దీపాలు పెట్టుకున్న మిగతా ఊళ్లన్నీ, డెట్రాయిట్‌తో సహా, తమ టవర్లు పీకేశాయి. ఆస్టిన్ మాత్రం దీపాలు మారుస్తూ ఇనుమును కాపాడుకుంది. అన్నీ మిగల్లేదు, చాలానే పోయాయి. మిగిలినవాటిని 1993లో మొదలుపెట్టి, ఒక్కొక్క బోల్టూ విప్పి బాగుచేసి మళ్లీ నిలబెట్టారు. పాతదాన్ని దాచుకోవడమంటే ఇదీ. అద్దాల గదిలో పెట్టలేదు, పనిలోనే ఉంచారు.

ఆస్టిన్‌లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది క్రిస్మస్ రోజుల్లో జిల్కర్ పార్కుకి వెళ్తారు. అక్కడ రంగుదీపాల తోరణాలతో వెలిగే ఎత్తైన చెట్టు నిజానికి చెట్టు కాదు, ఈ టవర్లలో ఒకటి. 1967 నుంచి దాని కొస నుంచే తోరణాలు దించుతున్నారు. ఈసారి వెళ్లినప్పుడు ఫొటోలు అయ్యాక, పిల్లలకి ఆ తోరణాల నడుమ ఉన్న ఇనుమును చూపించండి. వాళ్ల తాతముత్తాతల కాలం నాటి వీధిదీపం అదేనని చెప్పండి.