డెమోస్తనీస్‌ను నిలబెట్టిన నటుడు

నోట్లో గులకరాళ్లు వేసుకుని మాట్లాడటం సాధన చేసిన గ్రీకు వక్త కథ మన బడి పిల్లలకూ తెలుసు. వక్తృత్వ పోటీకి ముందు రోజు ఏ మాస్టారో చెప్పే ఉంటారు. ఆ కథలో రాళ్లు మిగిలాయి గానీ మనిషి మరుగున పడ్డాడు. డెమోస్తనీస్ జీవితం మలుపు తిరిగింది రాళ్ల దగ్గర కాదు, ఒక రంగస్థల నటుడి దగ్గర.

క్రీ.పూ. 384లో ఏథెన్స్‌లో పుట్టాడతను. తండ్రికి కత్తులు తయారు చేయించే కార్ఖానా ఉండేది. ఏడేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆస్తిని కాపాడాల్సిన ముగ్గురు సంరక్షకులు దాన్ని కాజేశారు. యుక్తవయసు రాగానే వాళ్ల మీద దావా వేశాడు. అప్పటి ఏథెన్స్ న్యాయస్థానంలో వకీలు ఉండేవాడు కాదు, ఎవరి వాదన వాళ్లే వినిపించుకోవాలి. కేసు గెలిచాడు గానీ పోయిన ఆస్తిలో చేతికొచ్చింది కొంతే. ఆ తర్వాత పొట్టకూటి కోసం ఇతరులకు కోర్టు ప్రసంగాలు రాసిపెట్టాడు.

రాయడం వేరు, నిలబడి చెప్పడం వేరు. ఏథెన్స్ ప్రజాసభ ప్నిక్స్ అనే కొండమీద, ఆరుబయట జరిగేది. దాదాపు 6,000 మంది పట్టే చోటు. మైకు లేని కాలం. ఎవరు మాట్లాడతారని దండోరా వేసేవాడు అడగగానే రాతి వేదిక ఎక్కాలి. గాలికి, గోలకు ఎదురుగా గొంతు నిలబెట్టాలి. కోర్టులో మరో కష్టం ఉంది. అక్కడ కాలాన్ని కొలిచేది అడుగున సన్నని రంధ్రం ఉన్న మట్టి కుండ. అందులో నీళ్లు అయిపోతే మాటా అయిపోయినట్టే. తవ్వకాల్లో దొరికిన అలాంటి కుండ ఒకటి సుమారు 6 నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

అలాంటి సభలో డెమోస్తనీస్ తొలిసారి నోరు విప్పితే జనం నవ్వారు. గొంతు బలహీనం, మాట అస్పష్టం, ఊపిరి చాలదు. చాంతాడంత వాక్యం మధ్యలో ఆగిపోతే అతనేం చెబుతున్నాడో ఎవరికీ అందలేదు. రాజకీయాలు మనకెందుకని పిరేయస్ రేవులో దిగాలుగా తిరుగుతుంటే యూనోమస్ అనే పండు ముసలి చూసి గట్టిగా మందలించాడట. మహావక్త పెరిక్లిస్ అంతటివాడి వాగ్ధోరణి నీలో ఉంటే పిరికితనంతో పాడుచేసుకుంటున్నావు, ఒంటిని పోటీకి సిద్ధం చేసుకోవా అని.

అప్పటికీ ఓటమి తప్పలేదు. మరోసారి భంగపడి, తలమీద గుడ్డ కప్పుకుని ఇంటికి పోతుంటే సాటిరస్ అనే నటుడు వెంట నడిచాడు. డెమోస్తనీస్ తన గోడు వెళ్లబోసుకున్నాడు. అందరికన్నా ఎక్కువ శ్రమపడుతున్నా, ఒంట్లో సత్తువంతా ధారపోసినా జనం తన మాట వినరు, తాగుబోతులూ చదువురాని నావికులూ మాట్లాడితే మాత్రం చెవులు రిక్కిస్తారు. సాటిరస్ ఓదార్పు మాటలు చెప్పలేదు. యూరిపిడిస్‌దో సోఫోక్లిస్‌దో నీకు నోటికొచ్చిన నాటక భాగం ఒకటి చెప్పమన్నాడు. డెమోస్తనీస్ చెప్పాడు. సాటిరస్ అదే భాగాన్ని అందుకుని పాత్ర స్వభావానికి తగ్గట్టు గొంతు మార్చి, భంగిమ మార్చి అభినయించాడు. ఒక్క అక్షరం మారలేదు. అయినా డెమోస్తనీస్‌కు అది తను చెప్పినదే అనిపించలేదు, కొత్తగా వింటున్నట్టు అనిపించింది. ఈ సంఘటన రాసిపెట్టినవాడు ప్లూటార్క్. నాలుగున్నర శతాబ్దాల తర్వాతి రచయిత కాబట్టి కొంత కల్పన కలిసి ఉండవచ్చు. కానీ మాట్లాడటం నేర్పేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం మరొకటి కనబడదు.

సాధన ఆ తర్వాతే మొదలైంది. నేలమాళిగలో గది కట్టించుకుని రెండు మూడు నెలలు ఏకబిగిన అందులోనే గడిపేవాడు. బయటికి వెళ్లాలనిపించినా సిగ్గుపడి ఆగిపోవాలని తలను ఒక వైపే గొరిగించుకునేవాడు. గులకరాళ్లు వచ్చింది ఇక్కడే. ముసలితనంలో డెమోస్తనీస్ నోటే విన్నానని ఫాలెరమ్‌కు చెందిన దెమెత్రియస్ చెప్పిన మాట అది. కొండ ఎక్కుతూ ఒకే ఊపిరిలో పద్యాలు చదవడం, ఫాలెరమ్ తీరంలో అలల హోరుకు మించి గొంతెత్తడం, నిలువుటద్దం ముందు నిలబడి హావభావాలు చూసుకోవడం, అన్నీ చేశాడు. మాట్లాడుతూ భుజం ఎగరేసే అలవాటు పోవడానికి, ఎగరేస్తే గుచ్చుకునేలా పైన ఆయుధం వేలాడదీసుకునేవాడనీ అంటారు.

గొంతుకూ నమ్మకానికీ ఉన్న సంబంధం అతనికి ఎంతగా ఒంటబట్టిందో చెప్పే ఘటన ఒకటుంది. తనను ఫలానావాడు కొట్టాడు, వాదన రాసిపెట్టమని ఒకడు వచ్చాడు. చెబుతున్న తీరులో ఉక్రోషమే లేదు. నీకేమీ జరగలేదులే అన్నాడు డెమోస్తనీస్. నాకేమీ జరగలేదా అని వాడు గొంతు చించుకున్నాడు. ఇప్పుడు దెబ్బలు తిన్నవాడి గొంతు వినబడుతోందని కేసు ఒప్పుకున్నాడు.

అతనికి ఏళ్ల తరబడి ప్రత్యర్థిగా నిలిచిన ఎస్కినీస్ ఒకప్పుడు నటుడు కావడం విశేషం. గంభీరమైన కంఠం, నిండైన విగ్రహం. తిమార్కస్ అనే రాజకీయ నాయకుడి మీద వేసిన దావాలో ఎస్కినీస్ వక్తల చేతుల గురించే పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. పూర్వపు పెద్దలు చేతిని అంగవస్త్రంలోనే ఉంచుకుని మర్యాదగా మాట్లాడేవారనీ, సలామిస్‌లో ఉన్న ప్రాచీన శాసనకర్త సోలోన్ విగ్రహమే అందుకు సాక్ష్యమనీ చెప్పి, ఆ భంగిమ తనే పట్టి చూపించాడు. క్రీ.పూ. 343లో డెమోస్తనీస్ బదులు చెప్పాడు. సోలోన్ కాలం గడిచి సుమారు 240 ఏళ్లయింది, ఆ విగ్రహం వయసు 50 ఏళ్లు కూడా లేదు, చెక్కినవాడికి ఆయన భంగిమ ఎలా తెలుసని నిలదీశాడు. చెయ్యి లోపల ఉంచుకోవాల్సింది మాట్లాడేటప్పుడు కాదు, రాయబారానికి వెళ్లినప్పుడని దెప్పాడు. అంటే నువ్వు లంచానికి చెయ్యి చాచావని.

ఇంత సాధన చేసినవాడూ ఒకచోట తడబడ్డాడు. క్రీ.పూ. 346లో మాసిడోనియా రాజు ఫిలిప్ ముందుకు ఏథెన్స్ రాయబారులు వెళ్లినప్పుడు డెమోస్తనీస్‌కు మాట పెగల్లేదట. రాజే ధైర్యం చెప్పినా తేరుకోలేకపోయాడట. చెప్పింది ఎస్కినీస్ కనుక శత్రువు మాటగానే తీసుకోవాలి. నిజమే అయినా చిన్నతనం ఏమీ లేదు. స్వేచ్ఛానగరాల మెడకు ఉచ్చు బిగిస్తున్న ఆ రాజు గురించి అతను అంతకుముందూ ఆ తర్వాతా జనాన్ని హెచ్చరిస్తూనే ఉన్నాడు.

క్రీ.పూ. 330లో ఆఖరి పోరు జరిగింది. డెమోస్తనీస్‌కు బంగారు కిరీటంతో సన్మానం చేయాలన్న తీర్మానం చెల్లదని ఎస్కినీస్ వాదించాడు. తీర్పు వచ్చేసరికి అతనికి అయిదో వంతు ఓట్లు కూడా పడలేదు. జరిమానా మీద పడింది, ఏథెన్స్ విడిచి వెళ్లాడు. తర్వాత రోడ్స్ ద్వీపంలో తన ప్రసంగం, డెమోస్తనీస్ ప్రసంగం రెండూ చదివి వినిపిస్తే జనం ప్రత్యర్థి ప్రసంగానికి ముగ్ధులయ్యారు. చదివితేనే ఇలా అయిపోతే అతనే స్వయంగా చెబుతుంటే వినాల్సింది అన్నాడట ఎస్కినీస్. వక్తకు అంతకు మించిన కితాబు లేదు.

వక్తృత్వంలో మొదటిది ఏమిటని డెమోస్తనీస్‌ను అడిగితే చెప్పే తీరు అన్నాడనీ, రెండోది, మూడోది అడిగినా అదే జవాబనీ రోమన్లు రాశారు. క్వింటిలియన్ అనే రోమన్ గురువు మొదటి శతాబ్దం చివర్లో చేతుల కదలికలకే పేజీలకు పేజీలు కేటాయించాడు. చెయ్యి కళ్లను దాటి పైకి పోకూడదు, రొమ్ము కిందికి దిగకూడదు అన్నంత వివరంగా. పిల్లలకు ఉచ్చారణ నేర్పడానికి నటుణ్నే పెట్టమన్నాడు, నాటకపు అతి మాత్రం అంటకూడదన్నాడు.

చెప్పే తీరే ముఖ్యమన్న ఈ మాటను ఇవాళ వ్యక్తిత్వ వికాస తరగతులు మరో అంచుకు లాక్కెళ్లాయి. మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతు, ముఖకవళికలు అని తెరమీద చూపిస్తారు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ బృందాలు చేసిన ప్రయోగాల నుంచి తీసిన అంకె అది. అవి ఇష్టాయిష్టాల వంటి భావాలు ఎలా తెలుస్తాయన్న దానికి సంబంధించినవి, ప్రసంగాలన్నిటికీ వర్తించేవి కావని ఆయనే స్పష్టం చేశాడు. డెమోస్తనీస్ కూడా ఈ లెక్కకు ఒప్పుకోడు. అతని వాదనలకు దీపం వత్తి వాసన వస్తుందని ప్రత్యర్థి ఒకడు ఎగతాళి చేశాడు, రాత్రంతా కూర్చుని అంతలా రాసేవాడు కనుక. గొంతూ చేతులూ మట్టిలో కలిసి 2,300 ఏళ్లు దాటినా మనకు మిగిలింది ఆ రాసుకున్న మాటలే.

మన బడుల్లో వక్తృత్వ పోటీ అంటే పెద్దలెవరో రాసిచ్చిన కాగితాన్ని పిల్లలు బట్టీపట్టి ఒప్పజెప్పడం. మధ్యలో ఒక్క మాట మరచిపోతే కన్నీళ్లతో దిగిపోతారు, పేరు కొట్టేస్తారు. ఉపాధ్యాయులకూ న్యాయనిర్ణేతలకూ ఒక మనవి. ఆ బిడ్డ వెంట సాటిరస్ నడిచినట్టు నాలుగడుగులు నడవండి. అదే భాగాన్ని మీరొకసారి చెప్పి చూపించి, వచ్చే వారం మళ్లీ వేదిక ఎక్కించండి.