ఎడమ సీటుకు పోయే తోవ

ఈ ఏడు పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలన్నీ ముందు పేజీల్లో ఇచ్చాం. ఈ పేజీల్లో మన సమావేశాల్లో పదే పదే వచ్చిన ఒక మాట గురించి రాస్తున్నాం. "కారు నేర్చుకోవాలని మాకూ ఉంది, నేర్పేది ఆడమనిషైతే బాగుండు" అని చాలామంది అక్కచెల్లెళ్లు అన్నారు. ఆ మాట చిన్నదే. దాని వెనక ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

పొద్దున్నే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి లోపలి రోడ్ల మీద ఎల్ బోర్డు కార్లు మెల్లగా తిరుగుతుంటాయి. పనికి పోతూ మనం రోజూ చూసేవే. స్టీరింగ్ ముందు కుడి సీట్లో ఇప్పుడు ఆడపిల్లలు బాగానే కనిపిస్తున్నారు. పక్కన ఎడమ సీట్లో కూర్చుని నేర్పే మనిషి మాత్రం దాదాపు ఎప్పుడూ మగాయనే. ఎందుకట్లా అయ్యింది?

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకు ముందు ఇక్కడంతా బండరాళ్లు, గుట్టలే. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ వచ్చింది. ఒక్కో అద్దాల మేడ లేచినకొద్దీ మనకూ పనులు దొరికాయి. హౌస్‌కీపింగ్, క్యాంటీన్, హాస్టల్ వంట, ఇళ్లల్లో పని. రాత్రి షిఫ్టుల వాళ్లను ఇంటికి చేర్చడానికి వేల కార్లు కావలసి వచ్చాయి. ఆ పని మగవాళ్లకు పోయింది. మన ఇళ్లల్లోనే మరిది, కొడుకు, అల్లుడు డ్రైవర్లయ్యారు. మనం అప్పు తీసిచ్చాం, సంతకం పెట్టాం, స్టీరింగ్ పట్టలేదు.

ఇక నేర్పే పని సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జూలై 1 నుంచి అమలైంది. డ్రైవింగ్ స్కూలుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలని అందులోని 12వ సెక్షను చెప్తుంది. నేర్పే మనిషికి ఏం అర్హత ఉండాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 24వ నియమం చెప్తుంది. పదో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్లు బండి నడిపిన అనుభవం ఉండాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ నుంచి మోటారు మెకానిక్ సర్టిఫికెట్ గాని, మెకానికల్ ఇంజనీరింగులో అంతకన్నా పై చదువు గాని ఉండాలి. ట్రాఫిక్ గుర్తులన్నీ తెలియాలి, బండి భాగాలు ఒక్కొక్కటి చూపించి చెప్పగలగాలి. ఇంగ్లీషు గాని స్థానిక భాష గాని బాగా రావాలి. అంటే తెలుగులో చక్కగా చెప్పగలిగితే చాలు.

ఈ నియమంలో ఆడవాళ్లు వద్దని ఎక్కడా లేదు. కాని మన తరంలో పదో తరగతి దాకా చదివిన ఆడపిల్లలు ఎందరు? ఐటీఐలో మెకానిక్ కోర్సులో చేరిన వాళ్లెందరు? ఇంట్లో బండి ఉన్నా ఐదేళ్లు దాన్ని నడిపిన వాళ్లెందరు? పైగా నియమాలు వచ్చేనాటికే ఐదేళ్లుగా నేర్పుతున్న వాళ్లకు చదువు షరతు నుంచి మినహాయింపు ఇచ్చారు. అప్పటికే ఆ పనిలో ఉన్నది ఎవరో చెప్పనక్కర్లేదు. ఎడమ సీటు అట్లా వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మార్పు 2015 ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడు తెలంగాణ ప్రభుత్వం షీ క్యాబ్స్ పథకం తెచ్చింది. ఆడవాళ్లకు శిక్షణ, సబ్సిడీ, బ్యాంకు రుణంతో సొంత కారు. అదే ఏడు ఉమ్మడి నల్గొండ జిల్లా బిడ్డ వి. సరిత ఢిల్లీ ఆర్టీసీలో తొలి మహిళా బస్సు డ్రైవర్ అయ్యింది. పదేళ్ల తర్వాత, 2025లో మన ఆర్టీసీలోనూ ఆమే తొలి మహిళా బస్సు డ్రైవర్.

2018లో జై భారతి అనే ఆర్కిటెక్టు ముందు నడవగా నలుగురు ఆడవాళ్లు హైదరాబాద్ నుంచి బైకుల మీద బయల్దేరి, మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు తిరిగి వచ్చారు. దాదాపు పదిహేడు వేల కిలోమీటర్లు. 2019లో ఆమె హైదరాబాద్‌లో మోవో సంస్థ పెట్టింది. అక్కడ ఆడవాళ్లకు బండి నేర్పేది ఆడవాళ్లే. మన ఊరిలో మనకు దగ్గరి ఉదాహరణ ఇదే.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. సౌదీలో ఆడవాళ్లు బండి నడపడానికి 2018 జూన్ 24న అనుమతి వచ్చింది. అనుమతి రాగానే నేర్పే ఆడవాళ్లు కావలసి వచ్చారు. వేరే దేశాల్లో ముందే లైసెన్సు తీసుకున్న మహిళలు ఆ పనిలోకి వచ్చారు. ముందే కాగితం చేతిలో ఉన్నవాళ్లకే అవకాశం అందింది.

ఇక్కడ కూడా నడిపే వాళ్లకు దారి సులువైంది. 2018 నుంచి చిన్న ట్యాక్సీకి వేరే బ్యాడ్జి అక్కర్లేదు. రవాణా బండి నడపడానికి ఎనిమిదో తరగతి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. అయితే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఆఫీసులు ఇంటి నుంచే నడిచాయి, క్యాబులు ఆగిపోయాయి. కిస్తీలు మాత్రం ఆగలేదు. కంపెనీ షిఫ్టు మీదనే బతుకు పెట్టుకుంటే ఏమవుతుందో అప్పుడు మన సంఘాల్లో చాలా ఇళ్లు చూశాయి. డ్రైవింగ్ స్కూళ్లూ అప్పుడు మూతబడ్డవే, అది దాచడం లేదు. కాని నేర్పే పని ఒక్క కంపెనీ మీద ఆధారపడదు. చాలావరకు పొద్దున, సాయంత్రం ఉంటుంది. అర్ధరాత్రి రోడ్డు మీద ఉండక్కర్లేదు.

నడిపే వాళ్లకు చదువు షరతు పోయినా, నేర్పే వాళ్లకు పదో తరగతి అట్లనే ఉంది. 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు కొత్త నియమాలు వచ్చాయి. అక్కడ నేర్పాలంటే పన్నెండో తరగతి, ఐదేళ్ల అనుభవం అడుగుతున్నారు. మెట్టు ఇంకా పైకి పోతోంది. ఆలస్యం చేసినకొద్దీ మనకే కష్టం.

ఇంత చదువు ఎందుకు అడుగుతారు అనొచ్చు. నేర్పే మనిషి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. నేర్చుకునే ఆమె భయంతో తప్పు తొక్కితే ఆపాల్సింది ఈమే. సొంత కారు నేర్చుకునే వాళ్లకు కనీసం 21 రోజులు, పది గంటల నడక ఇవ్వాలని నియమం. ఎవరు చేరారో ఫారం 14లో, ఎన్ని గంటలు నడిపారో ఫారం 15లో రాయాలి. చివర్న ఫారం 5 సర్టిఫికెట్ ఇవ్వాలి. మనలో కొందరికి "ఆడవాళ్లకు ఇంతే వస్తుంది" అన్న మాటలు పడ్డాయి, గంటలు తక్కువిచ్చి పంపేశారు. గంటలు రాసిన రిజిస్టరు ఒకటి ఉండాలని తెలిసుంటే అడిగేవాళ్లం. సంఘం పుస్తకం ఎట్లా రాస్తామో అట్లాంటిదే అది. రాయడం మనకు కొత్త కాదు.

అందుకే మా మాట ఇది. లైసెన్సు ఉన్నా లేకున్నా కారు మీద ఇష్టమున్న ప్రతి అక్కా మొదట లైసెన్సు తీసుకోవాలి. ఎల్ఎల్ఆర్ తీసుకున్న ముప్పై రోజులకు టెస్టుకు పోవచ్చు. ఐదేళ్ల అనుభవానికి మొదటి రుజువు ఆ కార్డు మీది తేదీనే. రెండోది, పది ఆగిపోయిన వాళ్లు ఓపెన్ స్కూల్లో కట్టాలి, దానికి వయసు పరిమితి లేదు. మూడోది, పది అయినాక ఐటీఐ మోటారు మెకానిక్ కోర్సు, రెండేళ్లు. లైసెన్సు ఈ ఏడే తీసుకుని బండి నడుపుతూ ఉంటే, ఆ ఐదేళ్లలోనే చదువు రెండూ అయిపోతాయి. నడిపిన చోట యజమాని దగ్గర ఏ నెల నుంచి ఏ నెల దాకా పని చేశామో రాయించుకుని దాచుకోవాలి.

2015లో లైసెన్సు తీసుకున్న ఆడవాళ్లకు 2020 నాటికే ఐదేళ్లు నిండాయి. వాళ్లలో పది పాసై, మెకానిక్ కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఉంటే ఈపాటికి మన పిల్లలకు వాళ్లే నేర్పుతుండేవాళ్లు. ఆ ఐదేళ్లు మళ్లీ పోనీయొద్దు. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు పదో తరగతి ఎక్కడ ఆగిందో, లైసెన్సు ఉందో లేదో రాసుకుని రండి. పేర్లు అక్కడే రాసుకుందాం.