బుకిట్ పంజాంగ్ కింద చల్లారిన కొలిమి

సింగపూర్‌లో ఒకప్పుడు అగ్నిపర్వతాలు ఉండేవంటే, బుకిట్ పంజాంగ్‌లో ఏళ్ళ తరబడి కాపురమున్న మనవాళ్ళు కూడా ఓ పట్టాన నమ్మరు. దక్షిణాన బుకిట్ తిమా కొండ ఎత్తు 163 మీటర్లు. దేశం మొత్తానికీ అదే ఎత్తైన చోటు. దాని శిఖరాన బిలం లేదు, చుట్టుపక్కల లావా లేదు. అయినా ఆ కొండా, దానికి పడమటనున్న బుకిట్ గాంబాకూ అగ్నిపర్వతాల వేళ్ళే. పైనున్న పర్వతం కోట్ల ఏళ్ళ వానలకు అరిగి కొట్టుకుపోయింది. అడుగున, కిలోమీటర్ల లోతులో గడ్డకట్టిన శిలాద్రవం ఇన్నాళ్ళకు బయటపడింది. కొలిమి కప్పు, గోడలు పోయి నిప్పులగుంట ఒక్కటే మిగిలినట్టు.

ఈ సంగతి పండితులకు త్వరగా అందలేదు. 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ బుకిట్ తిమా దగ్గర మిషన్ ఇంట్లో దిగి, సుమారు రెండు నెలల్లో 700 రకాల పెంకు పురుగులు పట్టాడు. తర్వాత తన పుస్తకంలో సుమత్రా, జావాల మీదుగా సాగే అగ్నిపర్వతాల వరుసను వివరించాడు. ఆ వరుస సింగపూర్‌ను తాకదు. వాలెస్‌ను తప్పుపట్టలేం. కాళ్ళ కింద ఉన్నది అడవి, దాని కింద ఎర్రమట్టి. ఈ ఎండకూ వానకూ కొండలోని గ్రానైటు మీటర్ల లోతున కుళ్ళిపోతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం బంకమన్నుగా మారుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది, పలుగురాయి ఇసుకరేణువులుగా మిగులుతుంది. మన ఊళ్ళలో మొరం అంటామే, అలాంటిదే ఇక్కడ కొండంతా పరుచుకుని ఉంటుంది. మధ్యమధ్య కుళ్ళని గుండ్రాళ్ళు. ఆ మట్టిని చూసి కింది రాతి కథ చెప్పడం ఎవరి తరం?

రాయి కనబడ్డ చోట మాత్రం పరిశీలన మొదలైంది. 1847లో సింగపూర్‌లో పత్రిక పెట్టిన జేమ్స్ రిచర్డ్‌సన్ లోగన్ పులావ్ ఉబిన్ దీవి శిలల గురించి రాశాడు. ఆ దీవి గ్రానైటుతోనే 1851 నాటికి హార్స్‌బర్గ్ దీపస్తంభం లేచింది. 1924లో జె. బి. స్క్రివెనర్ సింగపూర్ భూగర్భంపై విడిగా ఒక రచన చేశాడు. 1950లో ఎఫ్. ఇ. ఎస్. అలెగ్జాండర్ ఇచ్చిన నివేదిక ప్రశ్న వేరు: ఈ దీవిలో తీయదగ్గ గ్రానైటు ఎక్కడెక్కడుంది? రోడ్లకు, కాంక్రీటుకు కంకర కావాలి మరి. నా లెక్కలో ఈ కథకు అసలు మలుపు క్వారీలే. డెయిరీ ఫామ్, గాంబాక్ వైపు కొండల్ని నిలువునా కోస్తేనే కుళ్ళని రాయి వెలుగు చూసింది. ఆ క్వారీల్లో సుత్తులు పట్టుకున్న కూలీల పేర్లు ఏ నివేదికలోనూ కనబడవు. నాకది బాధగానే ఉంటుంది.

1976లో పబ్లిక్ వర్క్స్ శాఖ దేశం మొత్తానికీ భూగర్భ పటం వేసి, ఈ కొండల రాళ్ళను రెండుగా విడదీసింది. బుకిట్ తిమా గ్రానైటు లేత బూడిదరంగు, పలుగురాయి నిండుగా ఉంటుంది. గాంబాక్ నోరైట్ నల్లటిది, బరువైనది. అందులో పలుగురాయి దాదాపు ఉండదు. ప్రకాశం జిల్లా వాళ్ళకు ఇలాంటి రాయి కొత్త కాదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని బజారులో గ్రానైటు అనే అమ్ముతారు గానీ, అదీ గాబ్రో, నోరైట్ కుటుంబమే. దానిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్, అంటే పైరాక్సీన్ జాతి ఖనిజం. నోరైట్‌ను గుర్తుపట్టేది ఆ జాతి ఖనిజంతోనే. గాంబాక్ రాయిని దగ్గర్నుంచి చూడాలంటే బుకిట్ బాటోక్‌లోని లిటిల్ గుయ్‌లిన్‌కు వెళ్ళాలి. పాత క్వారీ గుంతలో నీళ్ళు నిండి, ఒడ్డున ఆ రాయి నల్లటి గోడలా నిలబడి ఉంటుంది. చైనాలోని గుయ్‌లిన్ కొండలు సున్నపురాయివి. ఇక్కడ పోలిక ఆకారంలోనే.

ఇక మిగిలింది వయసు. రాయిలోని జిర్కాన్ రేణువుల్లో యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది. రెండింటి నిష్పత్తి కొలిస్తే రేణువు గడ్డకట్టిన కాలం తెలుస్తుంది. గ్రాహమ్ ఆలివర్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన కొలతలు సింగపూర్, జొహోర్ శిలల్ని పర్మియన్ యుగం తొలినాళ్ళ నుంచి ట్రయాసిక్ యుగం చివరి దాకా పరిచాయి. గాంబాక్ నల్లరాయికి సుమారు 26 కోట్ల ఏళ్ళు, బుకిట్ తిమా గ్రానైటుకు సుమారు 23 కోట్ల ఏళ్ళు. అప్పట్లో పేలియో టెథిస్ అనే సముద్రపు నేల ఖండం కిందికి దూరుతూ పోయింది. ఆ లోతులో కరిగిన ద్రవమే పైకి ఎక్కి అగ్నిపర్వతాల వరుసను నిలబెట్టింది. ఇవాళ జావాలో పొగలు చిమ్మేవీ ఇలా పుట్టినవే. దీవి పడమట జురాంగ్ ప్రాంతంలో దొరికే ట్రయాసిక్ కాలపు బూడిదరాళ్ళు ఆ అగ్నిపర్వతాలు నిజంగానే పేలాయనడానికి సాక్ష్యం.

ఇప్పుడు క్వారీలు మూతపడ్డాయి. డెయిరీ ఫామ్ 2009 నుంచి ప్రకృతి ఉద్యానవనం. నేల మీద కనబడే రాయి తగ్గినా, సొరంగాలు తవ్వాలంటే లోతు తెలియాలి. అందుకని ప్రభుత్వ భవన నిర్మాణ సంస్థ దేశమంతటా సుమారు 200 మీటర్ల లోతు దాకా బోర్లు వేయించి, బ్రిటిష్ భూగర్భ సర్వేతో కలిసి 2021లో కొత్త గ్రంథం తెచ్చింది. పాత పటంలో ఒకే ముద్దగా గీసిన గ్రానైటు అందులో వేర్వేరు కాలాల్లో ఎక్కిన వేర్వేరు శిలారాశులుగా విడిపోయింది.