ఆ చిన్న గడిలో టిక్కు

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చాలామందికి ఇంటర్నెట్టు మొదట పరిచయమైంది ఇంట్లో కాదు, నెట్ సెంటర్లో. ముందు జిరాక్స్ మిషను, లోపల ప్లైవుడ్ అరలు, అరకో కంప్యూటరు, గంట లెక్కన డబ్బు. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లకూ, అమెరికాలో ఉన్న కొడుక్కి ఉత్తరం కొట్టించే తెనాలి నాన్నగారికీ, రైలు పట్టాలు అయిపోయే రేపల్లెలో ఉద్యోగానికి దరఖాస్తు పంపుకునే అమ్మాయికీ అదే కుర్చీ. ముందువాళ్లు లేచిన కుర్చీ చల్లారకముందే ఇంకొకరు కూర్చునేవారు. అలా కూర్చుని మెయిల్ తెరిస్తే ఎవరిదో ఇన్‌బాక్సు ఎదురుగా పరుచుకునేది. పెళ్లి సంబంధాల ఫొటోలు, ఇంటర్వ్యూ పిలుపులు, అన్నీ.

లేచి వెళ్లినాయన లాగవుట్ కొట్టలేదు. పైగా పాస్‌వర్డ్ కింద ఉన్న చిన్న గడిలో టిక్కు పెట్టాడు. అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ టిక్కు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు తాళం సంగతి చూడాలి. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకునే ఏర్పాటును చేసి చూపించింది. దాని పేరు సీటీఎస్ఎస్. యంత్రం ఉమ్మడిది, దస్త్రాలు మాత్రం ఎవరివి వారివి. ఉమ్మడి కాపురంలో ఎవరి ట్రంకు పెట్టెకు వారు తాళం వేసుకున్నట్టు, మనిషికో రహస్య పదం ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆ తాళానికి మారుతాళం పడింది. తనకు కేటాయించిన మిషను గంటలు చాలక, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి పాస్‌వర్డ్‌ల ఫైలును ప్రింటు తీయమని ఒక పంచ్ కార్డు పెట్టాడు. మిషను అమాయకంగా తీసి ఇచ్చింది! 1966లో ఇంకో తమాషా జరిగింది. రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లూ కనిపించాయి.

ఎన్ని అవకతవకలున్నా, పాస్‌వర్డు పుట్టింది నలుగురు వాడే యంత్రం కోసమే. టిక్కు అలా కాదు. అది ఒక్కరే వాడే యంత్రాన్ని మనసులో పెట్టుకుని చేసింది.

వెబ్‌సైటుకు పుట్టుకతోనే మతిమరుపు. ఒక పేజీ అందించిందంటే అడిగినవారెవరో మరుక్షణం దానికి గుర్తుండదు. కొట్టు తెరుద్దామనుకున్నవారికి ఇది పెద్ద చిక్కు. బుట్టలో వేసుకున్న సరుకు, పేజీ మారేసరికి మాయం. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటులీ దీనికి ఉపాయం కనిపెట్టాడు. యూనిక్స్ ప్రోగ్రామర్లు అప్పటికే వాడుతున్న ‘మ్యాజిక్ కుకీ’ అన్న మాట నుంచి దానికి కుకీ అని పేరు పెట్టాడు. తినేది కాదు. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్‌తో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. స్టాండతను మన ముఖం గుర్తుపెట్టుకోడు. టోకెన్ చూస్తాడు, జత తీసి ఇస్తాడు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే.

మెయిల్ కూడా అంతే. పాస్‌వర్డ్ కొట్టగానే సైటు ఒక టోకెన్ ఇస్తుంది, బ్రౌజరు దాన్ని దాచుకుని అడిగినప్పుడల్లా చూపిస్తుంది. గడువు రాయని టోకెన్ బ్రౌజరు మూసేదాకా చెల్లుతుంది. గడిలో టిక్కు పెడితే దాని మీద రోజుల తరబడి గడువు పడుతుంది. నెట్ సెంటర్లో అసలు బ్రౌజరు మూసేదెవరు గనక?

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. మరుసటి ఏడాది జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ మొదలుపెట్టారు. ఏ ఊళ్లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా సొంత మెయిల్ తెరుచుకోవచ్చు, అదీ ఉచితంగా. సొంత కంప్యూటరు లేనివారికి ఇంతకంటే వరం ఏముంటుంది? చిక్కంతా బ్రౌజరు దగ్గర వచ్చింది. ఈ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని అది ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగేది. ఆ పెట్టె అడ్డం తొలగితే చాలని మనవాళ్లు ‘యెస్’ నొక్కేవారు.

గూగుల్‌వారి జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది. దాని లాగిన్ పేజీలో ‘స్టే సైన్డ్ ఇన్’ గడి చాలాకాలం ఉండేది, అదీ ముందే టిక్కు పెట్టి. వద్దనుకున్నవాళ్లే తీసేసుకోవాలి. తర్వాత గడినే ఎత్తేశారు, లోపలే ఉండిపోవడం మామూలైపోయింది. న్యాయంగా చెప్పాలంటే మందూ వాళ్లే ఇచ్చారు. 2008 జూలై నుంచి ఇన్‌బాక్సు అడుగున ‘డీటెయిల్స్’ నొక్కి, ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూసి, అన్నిచోట్లా ఒక్కసారిగా మూసేయవచ్చు.

ప్రభుత్వం నెట్ సెంటర్లను 2011 ఏప్రిల్లో పట్టించుకుంది. అప్పుడు పెట్టిన నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు రాయాలి, అరల గోడలు నాలుగున్నర అడుగులు మించకూడదు. లోపల ఎవరున్నారో కనపడాలన్నది పట్టింపు. లేచి వెళ్లినవారి టోకెన్ ఏమైందన్నది కాదు.

2018 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ బ్రౌజరు క్రోమ్ 69వ వెర్షన్ ఇంకో మెట్టెక్కింది. జీమెయిల్లోకి వెళితే చాలు, చెప్పకుండానే బ్రౌజరు కూడా ఆ పేరుతో సైన్ ఇన్ అయిపోయేది. గొడవయ్యాక తర్వాతి వెర్షన్లోనే దాన్ని ఆపుకునే మీట పెట్టారు. అది ఇప్పటికీ సెట్టింగ్స్‌లో ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్లో ‘సైన్ ఇన్ ఆటోమేటికల్లీ’ అనే మీట వేరు. అది కట్టేస్తే, దాచిన పాస్‌వర్డ్‌తో బ్రౌజరు తనంతట తాను లోపలికి పోకుండా మనల్ని అడుగుతుంది. ఇవి కట్టేసినా పాత టోకెన్ చావదు. దానికి లాగవుట్ కొట్టాల్సిందే.

ఈలోగా నెట్ సెంటరు కుర్చీ ఇంట్లోకే వచ్చింది, ట్యాబ్ రూపంలో. 2022 డిసెంబరు 21న తెనాలికి దగ్గర్లోనే, బాపట్ల జిల్లా యడ్లపల్లి ఉన్నత పాఠశాలలో అప్పటి ముఖ్యమంత్రి ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తానికి 5,18,740. వాటిలో పాఠాలు తప్ప వేరేవి రాకుండా కట్టడి చేసే సాఫ్ట్‌వేరు ఉంది. ఇంట్లో కొన్నవాటికి ఆ కట్టడి లేదు. ప్లే స్టోరు తెరవాలంటే గూగుల్ అకౌంట్ కావాలి, పిల్లలకు సాధారణంగా ఉండదు, తాతయ్యదో నాన్నదో ఇస్తారు. ఆ ఒక్క సైన్ ఇన్‌తో ఆటలతోపాటు జీమెయిలూ తెరుచుకుంటుంది, అందులో బ్యాంకు ఉత్తరాలూ. ట్యాబ్ నలుగురి చేతుల్లో తిరుగుతుందని ఆండ్రాయిడ్‌వారికి తెలియక కాదు. 2012లోనే మనిషికో విడి ఖాతా పెట్టుకునే వీలు ముందుగా ట్యాబ్‌లకే ఇచ్చారు. తయారీదార్లందరూ అందివ్వలేదు, అందించినచోట వాడేవాళ్లూ తక్కువే.

ట్యాబ్‌లో మెయిల్ ఆపాలంటే జీమెయిల్ యాప్‌లో లాగవుట్ కోసం వెతకడం దండగ, ఉండదు. సెట్టింగ్స్‌లో అకౌంట్లలోకి వెళ్లి ‘రిమూవ్ అకౌంట్’ నొక్కాలి. ఐప్యాడ్‌లో అయితే మెయిల్ అకౌంట్లలో ఆ ఒక్క ‘మెయిల్’ మీటనే కట్టేయవచ్చు. రెండింట్లోనూ ఉత్తరాలు ఎక్కడికీ పోవు, సర్వర్లో భద్రంగానే ఉంటాయి. ట్యాబ్ తెనాలిలో మనవడి దగ్గరున్నా, రేపల్లెలో ఉన్న తాతయ్య తన ఫోన్లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీ విభాగంలో ‘యువర్ డివైసెస్’లో ఆ ట్యాబ్ పేరు చూసి, అక్కణ్నుంచే సైన్ అవుట్ కొట్టవచ్చు. ట్యాబ్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు మనవడు ఫోను చేసేదీ తాతయ్యకే.